కూతకి వెళ్ళనా... పద్యం పాడనా?

మా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతిలో... సాయంత్రం బడి గంట కొట్టగానే నా కాళ్ళు ఎటు నడవాలో తెలియక వసారాలోనే ఆగిపోయేవి. ఒకపక్క ఆటస్థలంలో డ్రిల్లు మాస్టారి ఈల... ఇంకోపక్క పెద్ద గదిలో తెలుగు మాస్టారి హార్మోనియం. రెండూ నన్నే పిలిచేవి.

మాది నందివెలుగు. రోజూ సైకిలు మీద తెనాలి వచ్చి చదువుకునేవాణ్ణి. డెబ్భైల మొదటి రోజులు... బడి కబడ్డీ జట్టులో కూతకి ముందు నన్నే పంపేవారు. దమ్ము ఎక్కువ. అదే దమ్ముతో పద్యం చివర రాగం బాగా సాగదీస్తున్నానని తెలుగు మాస్టారు నాటకంలోకి లాక్కున్నారు. మగపిల్లల బడి కాబట్టి ఆడవేషాలు కూడా మేమే వేయాలి. నాది రాణి వేషం. నాలుగు పద్యాలు.

చిక్కంతా గొంతుతోనే వచ్చింది...

గంటసేపు "కబడ్డి కబడ్డి" అని అరిచి వచ్చి పద్యం ఎత్తుకుంటే గొంతు జీరపోయేది. తెలుగు మాస్టారు హార్మోనియం ఆపి, రాణిగారికి జలుబు చేసిందా అని అడిగేవారు. ముంజేతుల మీద దోక్కుపోయిన చోట గాజులు రాసుకుని ఒకటే మంట. పోనీ నాటకం సాధన చేసి ఆటకి వెళ్తే, ఆలస్యమైందని డ్రిల్లు మాస్టారు ఆటస్థలం చుట్టూ పరుగు పెట్టించేవారు.

అమ్మ ఏదీ మానమనలేదు. పొద్దున్నే మిరియాల కషాయం పట్టించి, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని జేబులో వేసి పంపేది. నాన్న మాత్రం ఏదో ఒకటి తేల్చుకోమనేవారు. ఏది అని అడిగితే పేపరు తిరగేసేవారు...

ఆ ఏడు కబడ్డీ పోటీలు బాపట్లలో శుక్రవారం వచ్చాయి. నాటక పోటీ రేపల్లెలో శనివారం. మాస్టార్లిద్దరూ నన్ను విడివిడిగా పిలిచి, నిన్నే నమ్ముకున్నాం అన్నారు. ఇద్దరికీ "అలాగేనండి" అన్నాను.

మా జట్టు కెప్టెన్ ఖాదర్. స్టేషన్ దగ్గర వాళ్ళ నాన్నకి సైకిలు కొట్టు ఉండేది. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం.

బాపట్లలో ఆఖరి ఆట ఆఖరి నిమిషాలకి వచ్చింది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. ఖాదర్ నా భుజం తట్టి, "నువ్వెళ్ళరా" అన్నాడు.

వెళ్ళాను. గీత దాటాను. ఎందుకో సరిగ్గా అప్పుడే మర్నాటి పద్యాలు గుర్తొచ్చాయి... గొంతు దాచుకోవాలనిపించింది. కూత తగ్గించాను. ఇద్దర్ని తాకి వెనక్కి తిరిగేసరికి అంపైరు ఈల వేశాడు. కూత వినపడలేదు, అవుట్ అన్నాడు. ఆ రెండు పాయింట్లూ పోయాయి. ఆట పోయింది.

తిరుగు రైలెక్కాం. డ్రిల్లు మాస్టారు పక్కన కూర్చుని, "దమ్ము చాల్లేదు, అంతేరా. బాధపడకు" అన్నారు. నా దగ్గర దమ్ము ఉంది... ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రేపల్లెలో నాటకం. రెండు పద్యాలు హాయిగా సాగాయి. మూడోది పైస్థాయికి ఎత్తగానే గొంతు ఒక్కసారిగా విరిగి మగగొంతు బయటికొచ్చింది. అలసట కాదు... వయసు. జనం గొల్లుమన్నారు. హార్మోనియం మోగుతూనే ఉంది. మిగతా పద్యాలు పాడకుండా మాటల్లా చెప్పి తెర వెనక్కి వచ్చాను. బహుమతి రాలేదు.

తెలుగు మాస్టారు నా కిరీటం తీస్తూ, "నిన్న ఆటలో గొంతంతా పోగొట్టుకున్నావురా అబ్బాయ్" అన్నారు. కోపంగా కాదు, దిగులుగా. కాదండి, మీ కోసమే దాచుకున్నానండి అని ఎలా చెప్పను? చెబితే బాపట్ల సంగతి బయటపడుతుంది. ముఖానికి రంగు అలాగే ఉంది... ఏడుపు వస్తోందో నవ్వు వస్తోందో నాకే తెలియలేదు.

రేపల్లె స్టేషన్‌లో బెంచీ మీద ఖాదర్ కనిపించాడు. ఎవరికీ చెప్పకుండా నా నాటకం చూడ్డానికి వచ్చాడట. పక్కన కూర్చున్నాను.

"నిన్న కూత కావాలనే తగ్గించావు కదూ?" అన్నాడు.

తల ఊపాను.

"డ్రిల్లు మాస్టారికి నేనేం చెప్పలేదులే."

"ఎందుకు చెప్పలేదురా?"

"ఇవాళ నువ్వు బాగా పాడితే చెప్పేద్దామనుకున్నా. నీకు ఇదీ పోయింది... ఇంకేం చెబుతాను?"

వాడు నన్ను క్షమించాడో లేదో ఆ మాటలో అర్థం కాలేదు. అడగలేదు కూడా. తెనాలి వచ్చేదాకా కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాం.

ఆ వేసవికి నా గొంతు పూర్తిగా మారిపోయింది. రాణి వేషం వేరే కుర్రాడికి వెళ్ళింది. పదో తరగతి పరీక్షలని నాన్న కబడ్డీ మాన్పించారు. నేను తేల్చుకోకుండానే రెండూ తేలిపోయాయి... మాస్టార్లిద్దరికీ నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. వాళ్ళు పోయేదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడు మా మనవరాలు తొమ్మిదో తరగతి. బాస్కెట్‌బాలూ ఆడుతుంది, వీణా నేర్చుకుంటుంది. ఏ గంటకి ఏ క్లాసో వాళ్ళమ్మ ఫోనే మోగి చెబుతుంది. దింపడానికి కారు, ఒక్కోదానికి విడిగా ఫీజు... మా రోజుల్లో ఇవేవీ లేవు. అయినా మొన్న ఆటలో వేలు బెణికి, తీగ మీటలేక నా దగ్గరికొచ్చి కూర్చుంది. ఈ సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే నన్ను ఏది మానమంటావు తాతయ్యా?" అంది.

అరవై దాటి ఎన్నాళ్ళో అయింది... నాకు ఇంకా తెలియదు. మీలో ఎవరైనా ఆ వయసులో ఇలా నలిగి ఉంటే, ఏది వదిలారో, వదిలాక ఏమనిపించిందో కాస్త రాయండి... ఆ పిల్ల జవాబు కోసం చూస్తోంది.