పిలవని కోటలు

మా ముత్తాతగారు పద్నాలుగు ఊళ్ళకు దొర. పెద్ద దొరగారు అనేవారు. ఆయన పల్లకీ వస్తుంటే ఎదురుపడినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని పక్కకు తప్పుకునేవారట. మా తాతగారు చిన్న దొరగారు. ఆయన నాటికి ఊళ్ళు పోయి దివాణం ఒక్కటే మిగిలింది, పల్లకీలో కోళ్ళు గుడ్లు పెట్టేవి. మా నాన్నగారి నాటికి దివాణం గోడలు కూడా కూలిపోయి, పొలం మధ్యలో గడప మీద సింహద్వారం తలుపులు రెండూ మాత్రం నిలబడి ఉండేవి, అటూ ఇటూ ఏమీ లేకుండా. నాన్నగారు పట్నంలో అద్దె వాటాలో ఉంటూ, ఒక చిన్న బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన్ని ఎవరూ ఏ దొరగారనీ పిలిచిన గుర్తు లేదు. ఆ తర్వాతివాణ్ణి నేను. తాతగారు పోయే ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచి, "ఆ తలుపులు నీవిరా" అన్నారు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. దాన్ని నేను పట్టాభిషేకం అనుకున్నాను, చాలా ఏళ్ళ వరకు అలాగే అనుకుంటూ వచ్చాను.

ఆ రోజుల్లో, అంటే కరోనా రోజుల్లో, ఈ పట్టాభిషిక్తుడు ఐర్లండులో నేవన్ అనే ఊళ్ళో, ఒకే మూసలో పోసినట్టున్న ఇళ్ళ వరసలో, ఒక ఇంటి పై అంతస్తు చిన్న గదిలో అద్దెకు ఉండేవాడు. ఆ దేశంలోనే టాలట్ అనే ఊళ్ళో చదువు ముగించుకుని మొదటి ఉద్యోగంలో చేరిన కొత్త. పాస్‌వర్డ్ మరిచిపోయి ఫోన్ చేసినవాళ్ళకు ధైర్యం చెప్పి కొత్తది ఇప్పించడం నా పని. మంచానికీ బల్లకీ మధ్య మోకాళ్ళు మాత్రమే పట్టేవి. అయినా తాతగారి జోధ్‌పురి కోటు తొడుక్కుని, వీపు కుర్చీకి ఆనకుండా నిటారుగా కూర్చుని మాట్లాడేవాణ్ణి. (ఫోన్‌లో కోటు కనిపించదని ఆ ఇంటి పాప రెండుసార్లు గుర్తు చేసింది.)

ఇల్లు ఒక గుంటూరు ఆంటీది. ఆంటీ ఆసుపత్రిలో నర్సు, అంకుల్ వృద్ధుల నర్సింగ్‌హోంలో సేవలు చేసే కేరర్, వాళ్ళకు తొమ్మిదేళ్ళ పాప. పాపకు మన భాష బాగానే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ నెలల్లో వార్డులో ముసలివాళ్ళ చెవి దగ్గర ఫోన్ పట్టుకుని వాళ్ళ పిల్లల గొంతులు వినిపించడమే ఆంటీ పని. సాయంత్రం వచ్చాక వెనక షెడ్డులో బట్టలు మార్చుకుని, స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా చల్లారిన అన్నం తినేది. టీవీలో ప్రతిరోజూ చనిపోయినవాళ్ళ సంఖ్య చెప్పేవాళ్ళు, ఆంటీ లేచి దాన్ని కట్టేసేది.

పెళ్ళై పదిహేనేళ్ళయిందని ఆ వేసవిలో వాళ్ళు ఫ్రాన్స్ వెళ్ళాల్సింది. అక్కడి పల్లెటూళ్ళలో కొండల మీద కోటలు, రాళ్ళు పరిచిన సంతవీధులు చూడాలని ఆంటీ కోరిక. అంకుల్ రెండేళ్ళు కూర్చుని ఒక ఫైలు తయారుచేశాడు. ఊరికో ప్లాస్టిక్ కవరు, అందులో గంటల వారీగా కార్యక్రమం: పదింటికి కోట, పదకొండున్నరకు సంత, ఒంటిగంటకు వాల్‌నట్ కేకు. విమానాలు ఆగిపోయాయి. ఫైలు ఆగలేదు. "ఫ్రాన్స్ మూసేస్తే కోటలు ఇక్కడ లేవా ఏంటి? ఈ జిల్లా నిండా అవే," అని అంకుల్ ఫ్రెంచి ఊళ్ళ పేర్లు కొట్టేసి పైన ఐరిష్ ఊళ్ళ పేర్లు రాశాడు. గంటలు మార్చలేదు. "నువ్వూ రావయ్యా దొరబాబూ, కోటల సంగతి మాకంటే నీకు తెలుసు," అన్నాడు. వెక్కిరింపే, కానీ నేను నిజమనుకుని వెళ్ళాను.

ఇక్కడే నా కష్టం మొదలైంది. మా ఇంట్లో ఒక నియమం ఉంది. పిలుపు లేనిదే మరొకరి కోట గడప తొక్కకూడదు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళడం మరీ అప్రతిష్ఠ. బడి పిల్లలందరినీ గోల్కొండ తీసుకెళ్ళినప్పుడు నేను గేటు బయట మాస్టారి సంచులకు కాపలా కూర్చున్నాను. (పక్కన జామకాయలమ్మే ముసలమ్మ జాలిపడి మూడు కాయలిచ్చింది. నేను చూసిన గోల్కొండ అదే.)

మొదట ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదని ప్రభుత్వం వాళ్ళన్నారు. అంచేత మొదటి యాత్ర మా ఊరి అంచున, ఇళ్ళ వెనకే ఉన్న ఒక పాడుబడ్డ కోటకు. పైకప్పు లేదు, కిటికీల్లో కాకులు. నేను బయటే ఆగిపోయాను. దాని చివరి దొర, శత్రువు చేతికి చిక్కడం ఇష్టంలేక తన ఇంటికి తానే నిప్పు పెట్టుకున్నాడట. అంకుల్ చదివి వినిపించగానే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే నాన్నగారు ఫోన్ చేశారు.

ఆ రెండు నెలలుగా ప్రతి ఆదివారం ఆయన ఫోన్ సారాంశం ఒక్కటే. తలుపుల మీది ఇత్తడి బుడిపెలు ఎవరో ఒక్కొక్కటిగా ఊడబీకి పట్టుకుపోతున్నారు. పక్క ఊళ్ళో కల్యాణమండపం కడుతున్నవాళ్ళు తలుపులు అడుగుతున్నారు. "తాతగారు నీకిచ్చారు. నువ్వు సరే అంటేనే ఇస్తాను, లేదంటే ముట్టను. నీ మాట చెప్పు బాబూ."

"అమ్మడం కంటే తగలబెట్టడం గౌరవం నాన్నగారూ. ఇక్కడొక దొర అదే చేశాడు," అన్నాను.

"అగ్గిపెట్టె కూడా నువ్వే పంపిస్తావా, ఇక్కడ కొనమంటావా?" అన్నారు నాన్నగారు.

తర్వాత జిల్లా అంతా తిరగనిచ్చారు. ట్రిమ్ వెళ్ళే దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపారు. ఎక్కడికని అడిగితే అంకుల్ కంగారులో ఫైలు చేతికిచ్చాడు. ఆ గార్డు పేజీలు తిప్పి, మొదటి కవరు మీద కొట్టేసిన పేరు చదివి, "ఇవాళ్టికి ఫ్రాన్స్ చేరలేరనుకుంటా. ట్రిమ్ అయితే గ్రాండ్, ఇబ్బందేం లేదు, వెళ్ళండి," అన్నాడు. ట్రిమ్ కోట గేటుకు తాళం వేసి ఉంది. ఒంటిగంటకు వాల్‌నట్ కేకు బదులు ఏటి ఒడ్డున పులిహోర తిన్నాం. అంకుల్ ఫైలులో టిక్కు పెట్టుకున్నాడు. ఆంటీ కారులోనే నిద్రపోయింది. నిజానికి ఏ యాత్రలోనూ ఆవిడ ఏమీ చూడలేదు. కారు కదలగానే నిద్ర, ఆగాక కూడా నిద్ర. ఎవరి కోసం తిరుగుతున్నామో ఆ మనిషి సీటు బెల్టు మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని, ఆ దేశపు చరిత్రనంతా దాటిపోయింది.

కెల్స్‌లో పాతకాలపు రాతి శిలువలు చూడ్డానికి అంకుల్, పాప దిగారు. "ఆర్ యు నాట్ కమింగ్ ఇన్, అన్నా?" అంది పాప. అక్కడ గోడా గేటూ ఉన్నాయి, పిలుపు లేదు. కాబట్టి నేను ముందు సీట్లో నిటారుగా కూర్చున్నాను. వాన మొదలైంది. కాసేపటికి వెనకనుంచి ఆంటీ గొంతు వినిపించింది.

"నువ్వు పోలేదా నాయనా?"

"మా ఇంట్లో నియమం ఆంటీ." చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. సింహద్వారం గురించి, నాన్నగారి ఫోన్ల గురించి కూడా చెప్పాను.

ఆవిడ అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచింది. "మా అమ్మమ్మకీ అదే నియమం. వాళ్ళ ఊరి దివాణంలో నలభై ఏళ్ళు పేడ తీసింది, ఒక్కరోజూ పెద్ద తలుపులోంచి పోలా. దొడ్డిదారే." సీటులో వెనక్కి వాలి, "కాకపోతే ఆ నియమం మేం పెట్టుకుంది కాదులే," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

తిరుగు ప్రయాణంలో నేను వీపు సీటుకు ఆనించి కూర్చున్నానని పాప గమనించి అంకుల్‌కు చెప్పింది.

చివరి యాత్ర పేరులేని ఒక పల్లెకు. పొలంలో ఒంటరిగా ఒక పాత కోట బురుజు ఉందని అంకుల్ ఎక్కడో చదివాడు. దడి దగ్గర కారాపి చూస్తుండగా ఆ పొలం రైతు వచ్చి, ప్రభుత్వం చెప్పిన ప్రకారం రెండు మీటర్ల దూరంలో నిలబడ్డాడు. నా కోటు వంక చాలాసేపు చూసి, పెళ్ళి ఎక్కడని అడిగాడు.

"హీ ఈజ్ కైండ్ ఆఫ్ ఎ లార్డ్," అంది పాప, "బట్ దేర్స్ నథింగ్ లెఫ్ట్, లైక్."

రైతు నవ్వలేదు. టోపీ తీశాడు. "అయితే లోపలికి రండి దొరగారూ. చూడ్డానికేం లేదు గానీ, రండి," అన్నాడు.

నా జీవితంలో ఒక కోటలోకి నన్ను పిలవడం అదే మొదలు. కోటు గుండీలన్నీ పెట్టుకున్నాను. రెండడుగులు వేశాక కెల్స్ వాన గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి కారు తలుపు తీసి, "ఆంటీ, లేవండి. పెద్ద తలుపులోంచే పిలుస్తున్నారు. ముందు మీరు వెళ్ళాలి," అన్నాను.

"నిద్రపోనీవయ్యా," అన్నాడు అంకుల్. ఆంటీ మాత్రం నా మొహం చూసి దిగింది. డ్యూటీకి వేసుకునే రబ్బరు చెప్పులతో బురదలో నడిచింది. వాకిలి దగ్గర నేను పక్కకు తప్పుకుని నిలబడ్డాను, మా ముత్తాతగారి పల్లకీకి జనం తప్పుకున్నట్టే. ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆ వెనక నేను తల ఎత్తుకుని అడుగుపెట్టాను, చీలమండలు దాటి పేడలో దిగబడ్డాను.

లోపల పదకొండు దూడలున్నాయి. ఒకటి నా కోటు అంచు నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. కాలు లాగితే బూటు లోపలే ఉండిపోయింది. గౌరవం కాపాడుకోడానికి గోడ పట్టుకున్నాను, గోడ మీద కూడా పేడే. ఆంటీ రాతి మెట్టు మీద కూలబడి నవ్వింది. మార్చి నెల తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వి నవ్వి, అది ఎక్కడ ఏడుపైందో తెలీకుండా ఏడ్చి, మళ్ళీ నవ్వింది. ఒక దూడ ఆవిడ చేతివేళ్ళు చీకుతుంటే అలాగే వదిలేసింది. అంకుల్ వాకిట్లో ఫైలు చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. ఈసారి టిక్కు పెట్టలేదు.

"ఈ కోట ఎవరిదండీ?" అని రైతును అడిగాను, ఒంటికాలి మీద నిలబడి.

"ఎవరో దొరలది. పేరు తెలీదు. పైకప్పు గట్టిది, దూడలు తడవవు."

"అసలు తలుపేదీ?" వాకిలికి రేకు అడ్డం పెట్టి నీలం తాడుతో కట్టి ఉంది.

"మా నాన్న ఏదో హోటలుకు అమ్మేశాడు. అక్కడ రోజుకు వందసార్లు తెరుస్తారు. ఇక్కడుంటే ఈ దూడలు నాకుతూ ఉండేవి."

ఎన్ని వందల ఏళ్ళ దొరతనమో, పేరు కూడా మిగల్లేదు. ఆ రోజు ఆదివారమే, తిరిగి వస్తూ నాన్నగారి ఫోన్ కోసం ఆగకుండా నేనే చేశాను, బూటు లేని కాలికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, ఆంటీ పక్కన వెనక సీట్లో కూర్చుని. "ఇచ్చేయండి నాన్నగారూ. కానీ పెళ్ళికి వచ్చేవాళ్ళందరూ అందులోంచే వెళ్ళాలని చెప్పండి. వంటవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు కూడా."

నాన్నగారు ఊపిరి వదలడం వినిపించింది. "చెప్తాను బాబూ," అన్నారు. పక్కన ఆంటీ ఈసారి నిద్రపోలేదు. నేవన్ వచ్చేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కోటు మూడుసార్లు ఉతికించినా వాసన పోలేదు. ఇప్పుడు నాకు టిక్కెట్టు కొని వెళ్ళడం అలవాటైంది. గేటు దగ్గర వరసలో నిలబడినప్పుడల్లా, కారు ముందు సీట్లో వీపు ఆనించకుండా కూర్చున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు, రమ్మని ఒకసారి చెయ్యి ఊపాలనిపిస్తుంది.

ఆ ఏడు దసరా వెళ్ళాక తలుపులు రెండూ, ఇనుప గడియ, మూరెడు తాళంచెవి కల్యాణమండపం వాళ్ళకు అమ్మాం. గడప చెద పట్టిందని వాళ్ళు తీసుకోలేదు.