ఫోనమ్మ అడిగిన ప్రశ్నలు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పదకొండేళ్లుగా ఫోను ఎత్తేది ఒక్కావిడే. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండేది. అందరి నోటా మాత్రం ఫోనమ్మే. మెట్ల కింద అలమారంత గది, అందులో ఒక బల్ల, రెండు ఫోన్లు. "లిఫ్టు ఆగిపోయిందండీ" అని అవతలివాళ్లు అనగానే చిరునామా రాసుకుని మెకానిక్కును పంపడం ఆవిడ పని. పంపినవాడు వెళ్లి, విప్పి చూసి, "ఆ సామాను తేలేదే" అని తిరిగొచ్చి మళ్లీ వెళ్లడం మెకానిక్కుల పని. ఈలోగా తిట్లు తినడం మళ్లీ ఫోనమ్మ పనే.

ఒకనాడు యజమాని ఏదో పెద్ద హోటల్లో మూడు రోజుల శిక్షణ ముగించుకుని, మెడలో బిళ్ల కూడా తీయకుండా ఆఫీసుకు వచ్చాడు. అందర్నీ గోదాములో నిలబెట్టి గోడ మీద అరవై నాలుగు బొమ్మలు వేసి చూపించాడు. బాణాలు, మెట్లు, ఒక కొండ, కొండ మీద జెండా. "మూడేళ్లలో మనమే నంబర్ వన్. ప్రతి కస్టమరూ పరవశించిపోవాలి," అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, జెండా ఏ రంగులో ఉండాలన్న దాని మీద మాత్రం పావుగంట మాట్లాడాడు.

చివర్లో సందేహాలుంటే అడగమన్నాడు. ఫోనమ్మ చెయ్యెత్తింది.

"రేపు పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగుతుంది సార్. ఎత్తి ఏం మాట్లాడమంటారు?"

యజమాని గోడకేసి చూశాడు. అరవై నాలుగు బొమ్మల్లో ఎక్కడా ఫోను లేదు.

"అది అమలుకు సంబంధించిన విషయం. నువ్వు చూసుకో," అన్నాడు.

మాటలు కోటలు దాటాయి గానీ కాలు గడప దాటలేదని ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారి దగ్గర వెళ్లగక్కింది ఫోనమ్మ. అత్తగారు ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన మనిషి. కోడలి మొర విని జాలిపడే రకం కాదు.

"కొలత తీసుకోకుండా నేనెప్పుడైనా గుడ్డ కత్తిరించానా? మీరు మనిషిని పంపేసి, ఆ తర్వాత కొలతలు తీసుకుంటున్నారు. మీ యజమానికి బుద్ధి లేదు సరే, నీకేమైంది?"

ఫోనమ్మకు కోపం వచ్చింది. అన్నం తింటూ ఆలోచిస్తే ముసలామె మాట సబబే అనిపించి ఇంకాస్త వచ్చింది.

మర్నాటి నుంచి ఫోను చేసినవాళ్లను మూడు ప్రశ్నలు అడగసాగింది. ఏ అంతస్తులో ఆగింది? తలుపు ఎంతవరకు తెరుచుకుంది? ఆగేముందు ఎలాంటి శబ్దం వచ్చింది? మూడోదానికి ఒకాయన, "మా ఆవిడ అరుపు తప్ప ఏమీ వినపడలేదమ్మా," అన్నాడు. అది కూడా రాసుకుంది. ఆ జవాబులను బట్టి ఏ సామాను కావాలో పోల్చుకుని, మెకానిక్కు బయల్దేరేలోగా బల్ల మీద తీసిపెట్టేది.

పెద్ద మెకానిక్కును అందరూ మేస్త్రి అనేవారు. ఆయనకు ఇదంతా తలవంపుగా తోచింది. "ఫోన్లో నాడి పట్టే వైద్యురాలివయ్యావా చెల్లెమ్మా?" అని, ఆవిడ తీసిపెట్టిన తలుపు రోలరును, తలుపు జరిగే ఆ చిన్న చక్రాన్ని, బల్ల మీదే వదిలేసి వెళ్లాడు. మిట్టమధ్యాహ్నం తొమ్మిది అంతస్తులు దిగి, చెమటలు కక్కుకుంటూ దానికోసమే తిరిగొచ్చాడు. ఫోనమ్మ ఏమీ అనలేదు. అననందుకే ఆయన రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ వారంలోనే యజమాని తన కొండనూ జెండానూ చూపించడానికి ఒక పెద్ద కస్టమరు దగ్గరికి వెళ్లాడు. ఆ భవనం మేనేజరుతో కలిసి లిఫ్టెక్కాడు. అది మధ్యలో ఆగింది.

"నేనమ్మా," అన్నాడు ఫోన్లో.

"గొంతు గుర్తుపట్టాను సార్. ఏ అంతస్తు?"

"చీకట్లో ఏం తెలుస్తుంది?"

"తలుపు ఎంత తెరుచుకుంది?"

"వేలు దూరేంత."

"వేలు తీసేయండి సార్. ఎలాంటి శబ్దం వచ్చింది?"

"శబ్దంలాంటి శబ్దమే!"

తప్పు తన ప్రశ్నదేనని ఫోనమ్మకు అప్పుడు తట్టింది. "సత్తు గిన్నె దొర్లినట్టా, పాత తలుపు కిర్రుమన్నట్టా, టప్పున ఏదో తెగినట్టా?"

కాసేపు లోపల ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. "గిన్నె. ఇద్దరం ఒప్పుకున్నాం."

గిన్నె మోతంటే తలుపు రోలరేనని చెప్పింది ఫోనమ్మ. మేస్త్రి ఈసారి దాన్ని అడిగి మరీ పట్టుకెళ్లాడు. వెళ్లిన పది నిమిషాల్లో ఇద్దర్నీ బయటికి లాగాడు. యజమాని సంచిలోంచి తన బొమ్మలు తీయబోతే, "అవి తర్వాత చూద్దాం. ఫోన్లో మాట్లాడిందెవరు?" అన్నాడట మేనేజరు. ఇంకో నాలుగు భవనాల లిఫ్టులు కూడా వీళ్లకే అప్పజెప్పాడు.

నెల తిరిగేసరికి రెండోసారి వెళ్లాల్సిన పనులు వారానికి ఒకటో రెండో మిగిలాయి. మెకానిక్కులు మధ్యాహ్నం కూర్చుని అన్నం తినసాగారు. యజమాని ఆ ప్రశ్నలకు "త్రిముఖ అమలు వ్యూహం" అని పేరుపెట్టి, చుట్టూ బాణాలు గీయించి, అరవై ఐదో బొమ్మగా చేర్చాడు. బొమ్మ మీద తన ఫోటో వేసుకున్నాడు.

ఆ బొమ్మను గోడకు అంటించిన రోజున మేస్త్రి దాని ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడి, ఫోనమ్మ గదిలోకి తొంగిచూశాడు.

"అంతా బాగానే ఉంది గానీ చెల్లెమ్మా, లోపల మనిషున్నాడా లేడా అని ముందు అడగవేం? నిన్న ఒక పెద్దాయన గంటసేపు లోపలే ఉన్నాడు. అది తెలియక నేను దారిలో తీరిగ్గా టీ తాగి వెళ్లాను."

ఫోనమ్మ మొహం కందిపోయింది. పదకొండేళ్లలో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది. కాగితం తీసి, మూడింటికీ పైన, పెద్ద అక్షరాలతో రాసుకుంది.

"యజమానికి చెప్పాలా?" అన్నాడు మేస్త్రి.

"వద్దన్నా. మళ్లీ బొమ్మ గీయిస్తాడు."