మూడున్నర పాఠం

మా కోడలు పంతులమ్మ. బడి మాత్రం మా ఇంట్లో పాత సామాన్లు పడేసుకునే కొట్టుగది. దానికి కిటికీ లేదు. ఫ్యాను వేస్తే మైకులో గోల వినిపిస్తుందని ఆ ఆన్‌లైన్ పాఠాల కంపెనీ వాళ్ళు వద్దన్నారు. మూడింటికి కంప్యూటర్ ముందు కూర్చుని తలుపు వేసుకుందంటే, చెమటతో తడిసి ముద్దయ్యాకే బయటికి వస్తుంది. అంతసేపూ ఇంట్లో అందరం గప్‌చుప్. కుక్కర్ కూత వేయకూడదు, నేను దగ్గకూడదు. మా అబ్బాయి షాపు మూతపడ్డాక ఇల్లు ఆమె గొంతు మీదే నడుస్తోంది మరి, ఏమంటాను!

చిన్నపిల్లలకు గడియారం చూడటం, కొలతలు నేర్పడం ఆమె పని. తెర మీద రంగురంగుల గడియారం ఉంటుంది. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చున్న పిల్లలు వేలితో ముళ్ళు జరుపుతారు. సరిగ్గా పెడితే జలజలా నక్షత్రాలు రాలతాయి. తప్పు పెడితే ఒక ఎలుగుబంటి భోరుమంటుంది. స్కేలు పాఠం ఇంకా వింత. తెర మీది పెన్సిల్ ఒకరి ఫోన్లో చిటికెన వేలంత, ఇంకొకరి టీవీలో మూరెడు. అయినా అందరికీ ఎనిమిది సెంటీమీటర్లే! పోనీలే అనుకున్నాను.

గొడవంతా మూడున్నర దగ్గర వచ్చింది. మూడున్నర పెట్టమంటే రెండు జడల పిల్ల ఒకతి, పెద్ద ముల్లు ఆరు మీద పెట్టి, చిన్న ముల్లును మూడుకీ నాలుగుకీ నడుమ పెట్టింది. ఎలుగుబంటి ఏడ్చింది. పిల్ల మళ్ళీ అలాగే పెట్టింది. అది మళ్ళీ ఏడ్చింది.

"టీచర్, మా ఇంట్లో గడియారంలో ఇలాగే ఉంటుంది," అంది పాపం, ఏడుపు గొంతుతో.

తలుపు సందులోంచి చూశాను. కోడలి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"చిన్న ముల్లు మూడు మీదే పెట్టమ్మా," అంది.

పిల్ల పెట్టింది. నక్షత్రాలు రాలాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే పట్టుకున్నాను. "ఆ పిల్ల పెట్టిందే కరెక్టు కదే! బంగారంలాంటి పిల్లని ఏడిపించావు!"

"తెలుసు అత్తయ్యా. కంపెనీ వాళ్ళకి ఎప్పుడో చెప్పాను. చిన్నపిల్లలకి సులువుగా ఉండాలని చిన్న ముల్లు ఎప్పుడూ అంకె మీదే ఉండేలా చేశారట. పిల్లల ముందు అది తప్పన్నానంటే మర్నాటి నుంచి నాకు క్లాసుండదు. ప్రతి మాటా రికార్డవుతుంది. ఏం చెయ్యమంటారు?" అని వెక్కివెక్కి ఏడ్చింది.

నా నోటికి వీధంతా జడుస్తుంది. ఆ పూట మాత్రం వెళ్ళి దానికి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మర్నాడు క్లాసుకు ముందు కోడలు హాల్లో గోడ గడియారం దించి, కొట్టుగదిలో తన వెనక అలమరలో, కెమెరాకు కనిపించేలా పెట్టింది.

"నేనేమీ అనను అత్తయ్యా. ఆ జడల పిల్లే చూసుకుంటుంది. దానికి తన కళ్ళ మీద నమ్మకం పోకూడదు, అంతే."

నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నానా, ఎంత తెలివి! మురిసిపోయాను. తలుపు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మూడున్నర అయ్యేసరికి జడల పిల్ల గొంతు వినిపించింది.

"అయ్యో టీచర్! మీ గడియారం కూడా పాడైపోయిందా?"

"ఏం... ఏమైందమ్మా?"

"చిన్న ముల్లు పక్కకి జరిగిపోయింది చూడండి. మాదీ అంతే. నాన్నని ఒకటే పోరి గోడ మీంచి తీయించేశాను. మీరూ తీసేయండి టీచర్."

చెప్పవే, పాడవలేదని చెప్పవే అని లోపల్లోపలే మొత్తుకున్నాను. మొత్తుకున్నానే గానీ, తలుపు తోసుకెళ్ళి ఆ ముక్క నేనన్నానా? అనలేదు. ఇల్లు గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకుంది. కోడలు నా ముఖం చూడకుండా గడియారం నా చేతుల్లో పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

"తీసేశానమ్మా," అనడం వినిపించింది. "ఇప్పుడు నాలుగున్నర పెట్టు చూద్దాం."

జలజలా నక్షత్రాలు రాలిన చప్పుడైంది.

"శభాష్," అంది కోడలు.