నెయ్యి మసకేసిన సూర్యుడు

గోదారమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి.

కట్టబోయే భవనంలోకి ఎండవల్ల ఎంత వేడి చేరుతుందో, దాన్ని ముందే కంప్యూటర్లో కట్టి చూసి చెప్పడం నా ఉద్యోగం. ఆఫీసు రాజమండ్రిలో. ఆత్రేయపురంలో మా అక్క మొగుడికి పూతరేకుల వ్యాపారం. పనివాళ్ల కోసం ఆయన కొత్త షెడ్డు తలపెట్టాడు. పైన ఇనుప రేకులు పరిచేసి పెళ్లిళ్ల సీజనుకల్లా పని మొదలెట్టాలని ఆయన తొందర. పెంకుల కప్పూ, పడమటి వైపు వసారా ఉంటే బాగుండునని పిన్ని ఆశ.

పిన్నంటే మాకు చుట్టం కాదు. అక్కడ పూతరేకులు తీసేవాళ్లలో పెద్దావిడ, ఊరంతా అలాగే పిలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, ఆ మంట ముందు ఆవిడ. ఫాను వేసుకుందామంటే ఉల్లిపొర లాంటి పూతరేకు గాలికి లేచిపోతుంది. ఏసీ అయినా అంతే. రోహిణీ కార్తెలో ఆవిడకి దిక్కల్లా నెత్తిమీది కప్పే.

"నీ కంప్యూటరు ఏది చెబితే అదే వేస్తానురా," అన్నాడు బావ.

నాకు దొరికిన ఎండ లెక్కలేమో ఎక్కడో సముద్రం పక్కనున్న నగరానివి. పక్కింటి కుర్రాడి జాతకంతో మనవాడికి ముహూర్తం పెట్టినట్టుంటుందని, బావగారి డాబా మీదే ఎండని కొలిచే మీటరు బిగించాను. దాని నెత్తిన బత్తాయి చెక్కంత గాజు బుడగ. లోపలికి పడే ఎండని గంటగంటకీ నమోదు చేసుకుంటుంది.

బయట ఎండలు మండిపోతున్నాయి. మీటరు మాత్రం సూర్యుడు రోజురోజుకీ నీరసిస్తున్నాడంది. పల్చటి మబ్బేదో ఉందనుకుని ఆ లెక్కలే కంప్యూటరుకిచ్చాను. ఇనుప రేకుల కింద కూడా హాయిగానే ఉంటుందని తేల్చింది.

"చూశావా, రేకులే," అన్నాడు బావ.

పిన్ని చెమట తుడుచుకుంది. "అంతేలెండి. కంప్యూటరుగారు మంట దగ్గర కూర్చోరు కదండి."

ఆ మాట గుచ్చుకుని డాబా ఎక్కాను. గాజు కనబడలేదు. దాని నిండా చీమలు. తణుకు పంచదార బస్తాలన్నీ వదిలేసి ఇటే బయల్దేరినట్టు బారులు తీరి ఉన్నాయి. దులిపి వేలితో రాస్తే కమ్మటి నెయ్యి వాసన.

కిందికొచ్చి అడిగితే పిన్ని, "నేనేనండి," అంది. "పొయ్యి మసి పడుతోందని పొద్దున్నే తుడుస్తున్నానండి. నెయ్యి చేతులు తుడుచుకునే గుడ్డేనండి. మంచి నెయ్యండి, డాల్డా కాదు."

గాజు కడిగి, మళ్లీ కొలిచి, మళ్లీ లెక్క కట్టాను. ఇనుప రేకుల షెడ్డు పిన్ని పొయ్యికి తమ్ముడని తేలింది. పెంకులూ వసారా ఉంటే మధ్యాహ్నం కూడా కూర్చోవచ్చంది.

బావ నమ్మలేదు. "మొన్న హాయన్నది ఇవాళ పొయ్యంటుందా? నెయ్యి రాస్తే సూర్యుడు తగ్గుతాడేంట్రా?"

"నెయ్యొక్కటే కాదు బావగారూ, చీమలు. మిట్టమధ్యాహ్నం వస్తాయి. చూద్దురుగాని రండి."

డాబా మీద అక్క వడియాలు పెట్టింది కాబట్టి చెప్పులు కిందే వదిలి ఎక్కాడు, పాపం.

"ఏవిరా చీమలు?"

"వస్తాయండి. కాస్త ఆగండి."

కాసేపు కుడికాలి మీద నిలబడ్డాడు, కాసేపు ఎడమకాలి మీద. ఆ తర్వాత రెండు కాళ్లూ గాల్లోనే ఉన్నట్టు నాకు జ్ఞాపకం.

"పెంకులే వేయిస్తాలే. వసారా కూడా. ముందు దిగుదాం పదరా బాబూ."

షెడ్డు లేచింది. ఈ రోహిణీ కార్తెలో పిన్ని మధ్యాహ్నం పూట కూనిరాగం తీస్తూ పని చేయడం నేను చెవులారా విన్నాను.

ఇక ఒట్టు సంగతి. చీమలు నేను పుట్టించినవి. ఆ ఎండకి కాలే గాజు మీద ఏ చీమా నిలబడదు. నెయ్యీ మసీ కలిసిన పొర ఒక్కటే నిజం, కానీ దాని కోసమైతే బావ డాబా ఎక్కేవాడు కాదు. పిన్నికి ఆ రోజే చెప్పేశాను. అయినా పూతరేకుల కొట్టుకి వచ్చినవాళ్లకి డాబా చూపించి, "ఒక్కోటీ కందిగింజంత ఉండేదండి," అని చెబుతోంది. మొన్న వెళ్లేసరికి చింతగింజంత అయ్యాయి.