పెట్రోలును లెక్కగట్టే బండి

ఆదోనిలో ఎన్నో ఏళ్లుగా బైకులు బాగుచేస్తున్నాను. నా పనంతా కార్బొరేటరు చుట్టూనే తిరిగేది. ఇంజను లాగే గాలి దాని సన్నటి గొంతులోంచి దూసుకుపోతూ పెట్రోలును కూడా లాక్కుపోతుంది. గాలి ఎక్కువైందో, పెట్రోలు ఎక్కువైందో చెవితో విని స్క్రూ తిప్పేవాణ్ణి.

పోయిన వేసవిలో మా అక్క ఫోన్ చేసింది. ఆమె ఎమ్మిగనూరులో ఉంటూ, దగ్గరి పల్లె బడిలో పాఠాలు చెబుతుంది. ఆ మధ్యనే కొత్త స్కూటర్ కొనుక్కుంది.

"బండి మా బడి దావలో నిలిచిపోయిందిరా. బటన్ నొక్కితే ఇంజను తిరుగుతాంది గానీ స్టార్ట్ కాలే. ఎండకు మాడిపోతాండా, బిరీన రా."

నా పాత బైకు మీద పోయినాను. అక్క రోడ్డు పక్కన వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. సీటు కింది డబ్బా తీసి, అలవాటు కొద్దీ కార్బొరేటరు కోసం చెయ్యి పెట్టాను. అక్కడ అది లేదు. పెట్రోలును చిమ్మే ఒక చిన్న ఇంజెక్టరూ దానికి తగిలించిన వైర్లూ ఉన్నాయి. అలాంటి బండి విప్పడం నాకు అదే మొదలు.

"ఏమిరా, చూస్తా నిలబడిపోయినావు?"

"ఇది నాకు కొత్తక్కా."

"నీకే తెలీకుంటే నేను ఎవురి దగ్గరికి పోవల్ల?"

కొత్త బండ్లకు తాళం తిప్పగానే ట్యాంకులోని పెట్రోలు పంపు సన్నగా జుయ్‌మంటుందని విని ఉన్నాను. తాళం తిప్పి చెవి పెట్టాను. చప్పుడు లేదు. వెతికితే పంపు ఫ్యూజు కాలిపోయి ఉంది. ఒక వైరు ఇనుముకు రాసుకుని తొడుగు ఊడింది. దానికి టేపు చుట్టి, ఫ్యూజుల డబ్బాలో ఉన్న స్పేర్ ఫ్యూజు వేశాను. ఈసారి జుయ్‌మంది. బటన్ ముట్టుకోగానే ఇంజను అందుకుంది.

అదెట్లా పనిచేస్తుందో చూడాలన్న కుతూహలంతో ఆదివారం అక్క బండిని తెలిసిన షెడ్డుకు తీసుకుపోయాను. అక్కడి మేస్త్రీ నా ఈడువాడే. చిన్న మిషను తగిలించి తెర చూపించాడు. ఇంజను వేడి, లోపలికి పోయే గాలి, నేను యాక్సిలరేటరు తిప్పిన మేర, అన్నీ అంకెలై కదులుతున్నాయి. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను కూడా ఒక సెన్సారు కనిపెట్టుకుని ఉంది.

"ఇవన్నీ చూసుకోని, ఇంజెక్టరు ఎంతసేపు తెరవల్లో బండిలోని కంప్యూటరే నిర్ణయిస్తాదన్నా," అన్నాడు మేస్త్రీ.

ఆ 'ఎంతసేపు' సెకనులో వెయ్యో వంతుల్లో ఉంది. యాక్సిలరేటరు కొంచెం తిప్పాను. ఇంజను గొంతు మారడం నా చెవికి అందేలోపే అంకె మారిపోయింది. ఇన్నేళ్లూ నేను చెవితో విని, స్క్రూ తిప్పి ఒక్కసారి కుదిర్చిన పాళ్లను, ఇది రెప్ప వేసేలోపు ఎన్నోసార్లు కుదురుస్తోంది!

బండి ఇచ్చేటప్పుడు అక్కకు అదంతా చెప్పాను.

"అంటే నేను బడికి పోతాంటే, ఇది దావంతా లెక్కలు సేస్తానే ఉంటాదా?"

"ప్రతి చుక్కకూ సేస్తాదక్కా."

అక్క స్టార్ట్ చేసింది. వెంటనే కదల్లేదు. హ్యాండిల్ పట్టుకుని, ఆ ఇంజను చప్పుడే వింటూ కూర్చుంది.