మా ఓనర్ అంకుల్, ఒకే క్లబ్ గోల్‌కీపర్

ఈమధ్య ఒకరోజు లంచ్ బ్రేక్‌లో ఉండగా ఫోన్ మోగింది. కెనడాలోని సార్నియాలో చదువుకునేటప్పుడు నేను అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్ కూతురు. "నాన్న పొద్దున పోయారు. కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారట. కాఫీ అలాగే ఉంది" అంది. ఆ ఇంట్లో ఇప్పుడుంటున్న స్టూడెంట్ అమ్మాయిలు చూసి ఆమెకు కబురు చేశారు. నేను ఫోన్‌లోనే ఏడ్చేశాను. తండ్రి పోయిన మనిషే తిరిగి నన్ను ఓదార్చింది.

ఆయనది స్పెయిన్. ఉత్తరాన సముద్రం ఒడ్డున చేపల పడవలు ఆగే చిన్న పట్నం. ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌లో మీసాలు రాని వయసులో చేరి, జుట్టు నెరవడం మొదలయ్యేదాకా గోల్‌కీపర్‌గా ఆడారు. ఇంకో క్లబ్ జెర్సీ ఒంటిమీద వేసుకోలేదు. ఇదంతా ఆ ఇంట్లో అద్దెకు దిగిన మా ఇద్దరికీ తర్వాత తెలిసింది. మొదట ఆయన మాకు ఓనర్ మాత్రమే. హైదరాబాద్‌లో అద్దె గదుల దగ్గర అలవాటైన మాటకు అంకుల్ తగిలించి "ఓనర్ అంకుల్" అని పిలిచేవాళ్లం. తన పేరును మేం తెలుగులో అలా పలుకుతున్నామని ఆయన చాలాకాలం అనుకున్నారు.

మేం వెళ్లిన ఏడాది కాలేజీ నిండా మన పిల్లలే. గదులకు విపరీతమైన కరువు. ఖమ్మం నుంచి వెళ్లిన నేను, వరంగల్ నుంచి వచ్చిన స్రవంతి ఎన్నో ఇళ్ల తలుపులు తట్టి చివరికి ఆయన గుమ్మంలో నిలబడ్డాం. ఎంతమంది, వంట చేస్తారా, మసాలా వాసన వస్తుందా లాంటి ప్రశ్నలేవీ అడగలేదు. "మెట్లు జాగ్రత్త, నాలుగోది ఊగుతుంది" అన్నారు, అంతే. బస్సులు అంతంతమాత్రంగా ఉండే ఊరు. శనివారాలు తన పాత కారులో మమ్మల్ని కూరగాయలకు తీసుకెళ్లేవారు.

భార్య పోయాక ఆయన ఒంటరిగానే ఉంటున్నారు. మొదటిసారి మా ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసినప్పుడు కంగారుపడి వంటింట్లోకి వచ్చారు. సంగతి తెలిశాక నవ్వి, విజిల్ వేసిన ఫుట్‌బాల్ రిఫరీలా చెయ్యి పైకెత్తి "ఆఫ్‌సైడ్!" అని అరిచారు. ఆ తర్వాత పప్పు ఉడికిన ప్రతిసారీ కింది గదిలోంచి ఆఫ్‌సైడ్ అని వినబడేది. ఆయన చేతులు మాత్రం ఆటలోనే ఉండిపోయాయి. స్రవంతి చేతిలోంచి స్టీలు గ్లాసు జారితే నేలను తాకేలోపు పట్టేసేవారు. ఎడమచేతి చిటికెనవేలు వంకర తిరిగి ఉండేది. "ఏ మ్యాచ్‌లో విరిగింది అంకుల్?" అంటే, "మ్యాచ్ కాదు, మా పెళ్లిరోజు కారు తలుపులో పడింది" అనేవారు.

ఆదివారం సాయంత్రాలు మన పిల్లలంతా పార్కులో చేరేవారు. అందరూ క్రికెట్ వాళ్లే. అంకుల్ ఒక బంతి తెచ్చి ఫుట్‌బాల్‌లోకి దించారు. స్కూల్లో త్రోబాల్ ఆడిన పుణ్యానికి నన్ను గోల్‌లో నిలబెట్టారు. బంతి బాగానే పట్టేదాన్ని. నోరు మాత్రం లేచేది కాదు. బంతి గాల్లో ఉన్నప్పుడు కీపర్ "ఇది నాది" అని అరవాలి, లేకపోతే సొంతవాళ్లే గుద్దుకుంటారు. ఒకరోజు స్రవంతి మోకాలు నాకు తగిలి ఇద్దరం బోర్లాపడ్డాం.

"నోట్ల బెల్లం పెట్టుకున్నవా? ఒక్కసారి అరవొచ్చు గదనే!" అంది స్రవంతి మోకాలు పట్టుకుని.

అంకుల్ గోల్ వెనక మడతకుర్చీలోంచి లేచారు. "మీ భాషలో ఏమంటారు?"

"నాది."

"నాదీ!" అని పార్కంతా దద్దరిల్లేలా అరిచారు. అవతల కుక్కను తిప్పుతున్న ముసలావిడ ఆగి చూసింది. "సిగ్గుపడితే బంతి నీది కాదు, అమ్మాయ్. ముందు నోటితో పట్టుకో, తర్వాత చేత్తో" అన్నారు. మా ఇంట్లో ఇద్దరు అన్నల తర్వాత పుట్టినదాన్ని. తర్వాతి బంతికి నేనూ అరిచాను. ఏ వస్తువునైనా నాది అని గట్టిగా అనడం అదే నాకు మొదటిసారి.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, పులిహోర తింటూ, తన ఆట గురించి పూసగుచ్చినట్టు చెప్పారు. చేరిన కొత్తలో కొన్నేళ్లు బెంచీ మీదే. పెద్ద కీపర్ భుజం జారినరోజు ఈయన్ని దింపారు. మళ్లీ బెంచీ ఎక్కలేదు. జట్టు బాగా ఆడిన ఒక ఏడాది పెద్ద నగరపు క్లబ్ మనిషి వచ్చి రమ్మన్నాడు. ఈయన రానన్నారు. మరుసటి ఏడాదే జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. అదీ చివరి మ్యాచ్‌లో ఈయన కాళ్ల మధ్యనుంచి దూరిన గోల్‌తో.

"ఆ ఓటమి తర్వాత ఇంట్లోంచి బయటికెలా వెళ్లారు అంకుల్?"

"వెళ్లలేదు. మూడోరోజు రొట్టె అయిపోయింది, తప్పక వెళ్లాను. దుకాణంలో అందరూ మాటలాపేశారు. రొట్టెలమ్మే ఆవిడ, 'ఇన్నాళ్లూ రాలేదేం? నీకోసం బాగా కాల్చినది తీసిపెడుతున్నా, రోజూ ఎండిపోతోంది' అని తిట్టింది. ఇంటికొచ్చి ఏడ్చాను."

"వెళ్లిపోవాలని ఎప్పుడూ అనిపించలేదా?"

"ఆదివారం ఓడితే ప్రతి సోమవారం అనిపించేది. మంగళవారం ప్రాక్టీసుండేది, మర్చిపోయేవాణ్ని."

చివరికి ఆ క్లబ్బే ఆయన్ని వద్దంది. కొత్త మేనేజర్ నడవాలో నిలబెట్టి, ఇంక అవసరం లేదని చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం గిన్నెలో మిగిలిన వేరుశనగగుళ్లు ఏరుకుంటూ, "వాడు చెప్పింది నిజమే. మోకాళ్లు అయిపోయాయి. కూర్చోబెట్టి చెప్పాల్సింది, అంతే" అన్నారు. తర్వాత బావమరిది సార్నియాలో కెమికల్ ప్లాంట్‌లో పని చూపిస్తే భార్యను, కూతుర్ని తీసుకుని వచ్చేశారు.

నా చదువయ్యాక టొరంటో పక్కన మిస్సిసాగాలో మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయనకు తుంటి ఆపరేషన్ అయింది. నేను వెళ్లనని నిర్ణయించుకున్నాను. సూప్ ఇస్తూ గర్వంగానే చెప్పాను. "మీరు మీ క్లబ్‌ని వదిలారా? నేనూ మిమ్మల్ని వదలను."

ఆయన కోపం చూడటం అదొక్కసారే. చెంచా బల్లమీద పెట్టేశారు.

"నేను ఎవరిమీదో జాలితో ఉండిపోయాననుకున్నావా? నాకక్కడ బాగుంది, ఉన్నాను. నీకిక్కడ బాగుందా, భయమా?"

నేను తల దించుకున్నాను. భయమే. కొత్త ఊరు, కొత్త ఉద్యోగం, హైవే మీద డ్రైవింగ్.

ఆయన గొంతు తగ్గించారు. "గోల్ గీత మీదే నిలబడిపోతే, బంతి కొట్టేవాడికి గోల్ ఎంతో పెద్దదిగా కనిపిస్తుంది. రెండడుగులు ముందుకొస్తే చిన్నదైపోతుంది. పార్కులో ఎన్నిసార్లు చెప్పాను?"

ఆయన చేతికర్రతో నడవడం మొదలుపెట్టాక నేను ఉద్యోగానికి బయల్దేరితే, అటువైపే ఉన్న కూతురింటికి వెళ్లాలనే వంకతో నా కారులో పక్కన కూర్చున్నారు. ఫోర్ ఓ వన్ హైవే మీద పెద్ద ట్రక్కు పక్కకొచ్చినప్పుడల్లా నా చేతులు బిగుసుకునేవి. ఆయన కిటికీలోంచి చూస్తూ స్పానిష్‌లో ఏదో పాట తీసేవారు. శ్రుతి లేదు, తాళం లేదు. మిస్సిసాగా చేరాక దిగుతూ, "బాగా నడిపావు. నేను మాత్రం దారంతా చచ్చేంత భయపడ్డాను" అన్నారు. ఇద్దరం కారుకు ఆనుకుని నవ్వాం.

ఉద్యోగంలో మొదటి నెలలో ఒక మీటింగ్‌లో, నేను చేసిన పనిని ఇంకొకరు తమదిగా చెబుతుంటే, చెయ్యెత్తి "అది నేను చేశాను" అన్నాను. సాయంత్రం ఫోన్ చేసి చెబితే, గోల్ ఆపినంతగా సంబరపడ్డారు.

అంత్యక్రియలకు సార్నియా వెళ్లాను. వాంకూవర్ నుంచి స్రవంతి విమానంలో వచ్చింది. ఆ ఇంట్లో ఎప్పుడెప్పుడో ఉండి వెళ్లిన పిల్లలు చర్చిలో రెండు వరసలు నిండారు. "గ్లాసు జారితే ఇంక ఎవరు పట్టుకుంటరే?" అని స్రవంతి నా భుజంమీద ఏడ్చింది.

బయటికొచ్చాక ఆయన కూతురు ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఆయన పోయాక వచ్చిన ఆదివారం, స్పెయిన్‌లో వాళ్ల ఊరి మైదానంలో తీసింది. ఆట మొదలయ్యే ముందు ఒక నిమిషం మౌనం. ఇప్పటి గోల్‌కీపర్‌కు ఇరవయ్యేళ్లుంటాయేమో, అంకుల్ ఆట చూసివుండే వయసు కాదు. గోల్‌లోంచి బయటికొచ్చి, గ్లవుజులు తీసి, పోస్ట్ పక్కన నిలబడ్డాడు. తెల్లటి కర్రల మధ్య ఎవరూ లేరు. మైదానంలో అందరూ ఆ ఖాళీవైపే తిరిగి ఉన్నారు. రిఫరీ విజిల్ వేశాడు, నిమిషం అయిపోయింది. అయినా ఆ అబ్బాయి వెంటనే కదల్లేదు. లోపలున్న పెద్దాయన బయటికి వస్తే తను వెళ్దామని గుమ్మం దగ్గర ఒదిగి నిలబడ్డ మనిషిలా, ఇంకాసేపు అక్కడే ఆగాడు.