పచ్చ బొత్తాం మీద అక్షరం

బేతంచెర్లలో మా నాయన నాపరాళ్ల పాలిష్ మిషన్ నడిపేవాడు. మిషన్ చైనాది. దాని పచ్చ బొత్తాం మీద 开 అని ఒక అక్షరం ఉండేది. రెండు అడ్డగీతలు, పై గీత నుంచి కింది గీతను దాటి దిగిన రెండు కాళ్లు. బిగించడానికి వచ్చిన మెకానిక్, దాన్ని ‘ఖాయ్’ అనాలని, గొంతు పైకెత్తి దించకుండా పలకాలని చెప్పి పోయాడట. అర్థం చెప్పలేదు. చెప్పినా మా నాయన వినేవాడు కాదు. అర్థం ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

మాది తాతలనాటి నుంచి చర్చికి పోయే ఇల్లు. ఆ ‘ఖాయ్’ మా నాయన నోట ‘కాయ్’ అయింది. కాయ్ అంటే కాపాడు అనేగా! దేవుణ్ణి వేడుకునే మాటను బొత్తాం మీదే అచ్చువేసి పంపిన చైనావాళ్లంటే ఆయనకు ఎక్కడలేని గౌరవం. రోజూ వేలు పెట్టి “కాయ్ తండ్రీ” అన్నాకే నొక్కేవాడు. పక్క మిషన్లవాళ్లు నవ్వి నవ్వి, చివరికి వాళ్లూ అనడం మొదలుపెట్టారు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. మా నాయనకు పండింది దుమ్మే. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని కర్నూలు ఆసుపత్రిలో చెప్పారు. నోరు తెరిస్తే ఆయాసం వచ్చే మనిషి, మంచం మీద కూడా ఆ మాట మానలేదు. పోయిన ఎండాకాలం పోయాడు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అది ఇంకా దిగలేదు.

అమ్మ చర్చికి పోవడం మానేసింది. పాస్టరయ్య ఇంటికొచ్చి పిలిచినా కదల్లేదు. “దినామూ కాయమని అడిగె గదయ్యా. ఒక్కనాడన్నా ఇన్యాడా?” అని మాత్రం అంది. ఆయన తల దించుకుని, ఇచ్చిన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

అమ్మ అలా గోడకు ఆనుకుని కూర్చోవడం చూడలేక, ఆ అక్షరాన్ని ఫోన్లో వెతికాను. కాపాడడంతో దానికి ఏ సంబంధమూ లేదు. ‘తెరువు’ అని అర్థం. మిషన్ మీద ఉంటే ఆన్ చెయ్యమని. పూర్వం 開 అని రాసేవారట. చుట్టూ ఒక ద్వారం, లోపల అడ్డగడియ, దాన్ని ఎత్తుతున్న రెండు చేతులు. ఇప్పటి రాతలో ద్వారం పోయి, గడియా చేతులూ మిగిలాయి.

దేవుడు వినకపోలేదు, నాయనే వేరే మాట అడిగాడని చెబితే అమ్మ మనసు కాస్త కుదుటపడుతుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతూ అంతా వింది. చేతులు ఆగాయి.

“అయితే మీ నాయన ఏమని అడిగినట్ల? తెరవమనా?”

అవునన్నాను.

“ఇన్యాడులే పాపా,” అంది. “తెరిచి, తీసకపోయినాడు.”

పై ఆదివారం అమ్మ చర్చికి పోయింది. నేను పోలేదు.